మీటరు దాటాక

జూన్ 3, మంగళవారం

ఈ డైరీ మా ఆయనకు ఆఫీసువాళ్ళు ఇచ్చినది. ముప్ఫై రెండేళ్ళు వాటర్ వర్క్స్‌లో పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషికి ఒక గోడ గడియారం, ఒక డైరీ ఇచ్చి పంపారు. ఇకమీదట టైము చూసుకుంటూ కూర్చోండి, ఏమీ జరగకపోతే ఆ సంగతి రాసుకోండి అని కాబోలు. గడియారం ఆయన తీసుకున్నారు. డైరీ నేను తీసుకున్నాను. ప్రతి పేజీ అడుగునా "ప్రతి బొట్టూ అమూల్యం" అని అచ్చు వేశారు. మా వంటింటి కుళాయి ఆ మాట చదివినట్టుంది. నాలుగు రోజులుగా బొట్లు లెక్కపెట్టి ఇస్తోంది.

దారమంత ధార. దారమే అయితే సూదికి ఎక్కించి ఏదో ఒకటి కుట్టుకునేదాన్ని. గిన్నెలు కడగడానికి నిలబడితే గంట పైన పడుతోంది. ఒక పళ్ళెం కడిగేలోపు నా ప్రార్థన అంతా మనసులో పూర్తవుతోంది. రెండో పళ్ళేనికి దేవుణ్ణి ఏం కోరుకోవాలో తోచదు. నాకు అన్ని కోరికలు లేవు. ఉన్నది ఒక్కటే. అది హాల్లో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది.

రిటైరై ముప్ఫై నాలుగు రోజులు. పొద్దున లేచి ఆ కుర్చీలో కూర్చుంటారు. ఎదురుగా గడియారం. గడ్డం గీసుకోరు. కంచంలో పెట్టినది కెలికి వదిలేస్తారు. బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నారు. "ఒంట్లో ఏమీ లేదమ్మా, అంతా బాగుంది" అన్నారు డాక్టరు. ఒంట్లో ఏమీ లేదనేదే నా బాధ కూడా.

రోజుకు ఒకే ఒక మాట మాట్లాడతారు. పొద్దున పదింటికి మా తూర్పు లైనుకు వాల్వు మారుస్తారు. మార్చేటప్పుడు కుళాయిలో నీళ్ళు అర నిమిషం ఆగి, మళ్ళీ వస్తాయి. ఆయన ఉన్న రోజుల్లో అది చూసి వీధిలోవాళ్ళు గడియారాలు సరిచేసుకునేవారు. ఇప్పుడు పదీ పావుకో, పదీ ఇరవైకో ఆగుతుంది. అప్పుడు గడియారం చూసి, "ఆలస్యం" అంటారు. ఆ రోజుకు అంతే.

జూన్ 4, బుధవారం

లేచారు!

లేపింది నేను కాదు. నా గొంతు ఈ ఇంట్లో గోడలకు కూడా వినబడదు. ఆ లోటు తీర్చడానికే దేవుడు వదినగారిని ఇచ్చాడు. మా ఆయనకు అక్కగారు, ముందు గదిలో ఉంటారు, మాట వీధి చివరిదాకా ఉంటుంది.

"ఒరేయ్ తమ్ముడూ, నీ పెళ్ళాం పొద్దుటినుంచి ఆ గిన్నెలతో కుస్తీ పడుతోంది. ప్లంబర్ని పిలవరా."

కుర్చీ కిటికీలోంచి చూసింది.

"పోనీ నేనే పిలుస్తా. సందు మొదట్లో గోడ మీద ఎవడిదో నెంబరు రాసి ఉంది."

"ప్లంబరా?" అన్నారు ఆయన. గొంతు బొంగురుపోయి ఉంది, ముప్ఫై అయిదు రోజుల తుప్పు మరి. "ఊరందరికీ నీళ్ళు పంపినవాడి ఇంట్లో ప్లంబరు కాలు పెడతాడా? నేను చచ్చాననుకున్నావా?"

"ఏమోరా, అదే తెలియక అడుగుతున్నా" అన్నారు వదినగారు.

ఆయన లేచి నిలబడ్డారు. వంటింటి గుమ్మందాకా వచ్చారు. కుళాయిని చూశారు. డాక్టరు నాడి చూడకముందే రోగి మొహం చూసి తల పంకిస్తాడే, అలా పంకించారు. వెళ్ళి గడ్డం గీసుకున్నారు.

కుళాయికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

జూన్ 5, గురువారం

కుళాయి పాడైతే ముందు కుళాయిని చూస్తారు, మామూలు మనుషులు. మా ఫోర్‌మన్ గారు నది నుంచి మొదలుపెట్టారు.

"ఇది చివరి కొస" అన్నారు కుళాయిని చూపుడువేలితో చూపించి, ముట్టుకోకుండా. "జబ్బు ఎప్పుడూ మొదట్లో ఉంటుంది. నీళ్ళు ఎటునుంచి వస్తాయో మనమూ అటునుంచి రావాలి."

పెద్ద కాగితం మీద ఇంటి పటం గీశారు. పెరటి కుళాయి దక్షిణ మండలం. వంటిల్లు ఉత్తర మండలం. ఈ రెండింటికీ వీధి లైను నుంచి నేరుగా నీళ్ళు వస్తాయి. స్నానాల గది మేడ మీద టాంకు కింద ఉంది కాబట్టి అది ప్రత్యేక మండలం. నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా మూడు మండలాలు ఏలుతున్నానని ఈ రోజే తెలిసింది.

వంటింటి తలుపుకు నోటీసు అంటించారు: "ఉదయం 6 నుంచి 7 వరకు లైను పరీక్ష. వినియోగదారులు సహకరించగలరు." వినియోగదారులు ఇద్దరం. ఒకరం సహకరించాం. ఇంకొకరు, "ఒరేయ్, నేను మొహం కడుక్కోవాలా, నీ సంతకం కోసం ఆగాలా?" అని అరిచారు.

జూన్ 7, శనివారం

వదినగారు స్నానానికి అర్జీ పెట్టుకున్నారు. మంజూరైంది.

జూన్ 9, సోమవారం

దేవుడి ముందు కూర్చుని చెప్పుకోవలసినది ఇక్కడ రాస్తున్నాను. దేవుడికి ఎలాగూ తెలుసు. చూస్తూనే ఉన్నాడు. దేవుడి గూడు ఆ వంటింటి గోడ అవతలి వైపే ఉంది.

పొద్దున ఆయన వీధిలో మీటరు గుంత తవ్వుతూ, జాయింట్లకు చుట్టే తెల్ల టేపు తెమ్మని నన్ను హార్డువేరు కొట్టుకు పంపారు. కొట్టాయన టేపు ఇస్తూ, "ఏమమ్మా, ఇంట్లో పనా?" అన్నారు. చెప్పాను.

"పెరటి కుళాయి బాగానే వస్తోందా?"

"బాగానే వస్తోందండీ."

"అయితే పైపులు ఎందుకమ్మా తవ్వడం? కుళాయి మూతి దగ్గర చిన్న జాలీ ఉంటుంది, ఇసుక పట్టి ఉంటుంది. తిప్పి తీసి, పాత బ్రష్షుతో రుద్ది పెట్టేయండి. అయిదు నిమిషాల పని. సారు చూసే ఉంటార్లెండి, అది చూడకుండా ఎవరుంటారు!"

మా వారున్నారు. అందులో ఆయన తప్పు లేదు. ముప్ఫై రెండేళ్ళు ఆయన ఉద్యోగం మీటరు దగ్గర ఆగిపోయింది. ఇంటికి ఫోన్లు వచ్చేవి, మా కుళాయిలో నీళ్ళు రావడం లేదు సార్ అని. ఆయన చెప్పే మాట నాకు ప్రార్థనలాగే కంఠతా వచ్చు: "మీ మీటరు దాకా మా బాధ్యత. మీటరు దాటాక మా బాధ్యత కాదు." మీటరు అవతల లోకం ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో భూమిలోపల ఎక్కడ ఏ వాల్వుందో కళ్ళు మూసుకుని చెప్పే మనిషి, ఒక కుళాయి మూతి కిందకు వంగి ఎన్నడూ చూసి ఉండరు.

ఇంటికి వచ్చాను. ఆయనా వదినగారూ వీధిలో ఉన్నారు. ఆయన తెరిచి వదిలేసిన పనిముట్ల పెట్టెలోంచి పానా తీసి, గుడ్డ చుట్టి తిప్పితే మూతి ఊడి వచ్చింది. జాలీ నిండా ఇసుక, సున్నంలాంటి తెల్లటి పెచ్చులు. బ్రష్షుతో రుద్ది కడిగాను. మళ్ళీ బిగించి కుళాయి తిప్పాను. నీళ్ళు దూకాయి. నా జాకెట్టు, కొంగు, పొయ్యి, అన్నీ తడిశాయి. అంత నీళ్ళు చూసి నాకు నవ్వొచ్చింది.

అప్పుడు వీధిలోంచి ఇంకో నవ్వు వినిపించింది.

మొదట ఎవరిదో అనుకున్నాను. గుంతలోకి మోకాళ్ళదాకా దిగిన ఆయనకు వదినగారు గొడుగు పట్టి, "ఒరేయ్, నాయనగారు నీకు ఈ గుంతే కదరా ఆస్తి రాసిచ్చింది" అంటున్నారు. ఆయన నవ్వుతున్నారు. నోరంతా తెరిచి. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

నేను తడి చేతులతో హాల్లోకి చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. సాయంత్రానికి నిండుతుంది, నేను నోరు విప్పితే.

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఇసుకంతా అప్పటికే కాలువలో పోయింది. చేతికందినది పోపుల పెట్టె. చిటికెడు ఆవాలు తీసి మూతిలో పోసి, బలంకొద్దీ బిగించేశాను.

ఆయన లోపలికి వచ్చారు. కాళ్ళనిండా మట్టి.

"ఎలా ఉంది?"

"అలాగే ఉందండీ."

"చూశావా! నేను చెప్పలా! ఇది అంత తేలిగ్గా తేలే కేసు కాదు." ఆ మొహంలో వెలుగు చూడాలి.

నేను అబద్ధమాడలేదు. ఆయన అడిగిన ఆ క్షణంలో నీళ్ళు నిజంగానే అలాగే ఉన్నాయి. నీళ్ళెలా ఉన్నాయని అడిగారు గానీ, ఎందుకలా ఉన్నాయని అడగలేదు.

జూన్ 10, మంగళవారం

రెండు పూటలా తిన్నారు. కూర మారు అడిగారు.

జూన్ 11, బుధవారం

ఇప్పుడు మకాం వంటింట్లోకి మార్చారు. స్టూలు వేసుకుని, నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని, గ్లాసు నిండడానికి ఎన్ని సెకన్లు పడుతోందో అరగంటకొకసారి రాస్తున్నారు.

"ఆదివారం నలభై సెకన్లు. సోమవారం నుంచి యాభై రెండు. జబ్బు ముదురుతోంది" అన్నారు సంబరంగా.

పోపులో కూడా నా చేతికి ఆవాలు కాస్త ఎక్కువే పడతాయి.

ప్రెషరు చూసే గేజి తెస్తానని ఆఫీసుకు వెళ్ళారు. రిటైరయ్యాక అటు తొంగి చూడని మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారు. తిరిగి వచ్చి వదినగారికీ నాకూ గంటసేపు కబుర్లు చెప్పారు. కుర్చీలో కూర్చుని కాదు, నిలబడి.

"ఆ కొత్త ఫోర్‌మన్ కుర్రాడు కాడు, నలభై ఏళ్ళుంటాయి, పాపం చేతులు పట్టుకున్నాడు. భూమిలో పాత వాల్వులు ఎక్కడున్నాయో ఒక్కదానికీ గుర్తు లేదట. పటాలన్నీ తప్పులట. తప్పులు కాక? రోడ్లు మూడుసార్లు మార్చారు, పటం ఒక్కసారీ మార్చలేదు. 'సార్, ఒక నెల రోజులు మాతో తిరిగి చూపించండి, కాగితం మీద పెట్టుకుంటాం' అన్నాడు."

నేను దగ్గరికి జరిగాను. "ఏమన్నారు?"

"కుదరదన్నాను."

"ఎందుకురా?" అని వదినగారు అరిచారు. నేను కూడా అరిచాను, లోపల.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నా ఇంట్లో కుళాయి యాభై రెండు సెకన్లు తీసుకుంటుంటే, నేను పోయి ఊరికి నీళ్ళు చూపిస్తానా? ఈ కేసు తేలాకే వస్తానని చెప్పా."

స్వామీ, చిటికెడు ఆవాలు. ఆవగింజలో అరవయ్యో వంతు పాపం కూడా చేయనిదాన్ని, చేసిన ఒక్కసారీ చిటికెడు చేశాను.

జూన్ 12, గురువారం

ఆయన స్నానానికి వెళ్ళగానే మూతి తిప్పబోయాను. చప్పుడు కాకుండా మూడు నిమిషాల్లో కడిగేసి, "చూడండి, దానంతట అదే బాగైంది" అందామని. దేవుడి దయ అని కూడా అందును. తన పేరు వాడుకుంటే దేవుడు ఏమీ అనుకోడు, వాడుకునేవాళ్ళకు కొదవ లేదు.

తిరగలేదు. సోమవారం భయంతో బిగించాను. భయానికి ఉన్న బలం భక్తికి లేదు. పానా ఆయన పెట్టెలో ఉంది, పెట్టెకు తాళం ఉంది, తాళం ఆయన మొలతాడుకు ఉంది.

జాలీ అంచు దగ్గర తెల్లగా సన్నటి దారం వేలాడుతోంది. గుడ్డ పోగు అయ్యుంటుంది, తిప్పేటప్పుడు చిక్కుకుని.

జూన్ 13, శుక్రవారం

గేజి తీర్పు చెప్పింది. పెరట్లో ప్రెషరు బంగారంలా ఉంది. వంటింట్లో లేదు. కాబట్టి రెండింటి మధ్య గోడలో పోయే పైపు పూడిపోయింది. గోడ పగలగొట్టాలి. ఆదివారం ముహూర్తం.

తర్కంలో ఒక్క తప్పు లేదు. కుళాయి ఒకటి ఉందనే సంగతి తప్ప అన్నీ చూసుకున్నారు.

సుద్దముక్కతో గోడ మీద గీత గీశారు. గీత తిన్నగా వెళ్ళి దేవుడి గూడు కింద ఆగింది.

"గూడు తీసి అవతల పెట్టుకో, రెండ్రోజులే" అన్నారు. నా మొహం చూసి, "ఏం, బాధగా ఉందా?" అన్నారు.

"లేదండీ."

"కొండను తవ్వి ఎలకను పడతాడు మీ ఆయన" అన్నారు వదినగారు నాతో. "నువ్వైనా ఒక మాట చెప్పమ్మాయ్. నీ నోట్లో మాట నీ నోట్లోనే ఉంటుందేం ఎప్పుడూ?"

తెల్ల పోగులు ఇప్పుడు మూడున్నాయి. గుడ్డ పాతదైపోయింది.

జూన్ 14, శనివారం

పొద్దున చెబుదామనుకున్నాను. సుత్తి, ఉలి నూనె రాసి తుడుస్తూ ఈల వేస్తున్నారు.

మధ్యాహ్నం చెబుదామనుకున్నాను. నిద్రపోతున్నారు, గురక పెట్టి. నెలన్నర తర్వాత గురక.

సాయంత్రం చెబుదామనుకున్నాను. దేవుడి గూట్లోంచి దీపం, పుస్తకం తీసి అలమరలో పెట్టాను. దేవుణ్ణి ఇల్లు ఖాళీ చేయించాను, నిజం చెప్పలేక.

జూన్ 15, ఆదివారం

తొమ్మిదింటికి పాత చొక్కా వేసుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, ఉలి గోడకు ఆనించారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను, అది రాసుకోవాలి. మాట వచ్చేలోపు వదినగారు మంచినీళ్ళ గ్లాసుతో కుళాయి దగ్గరకు వంగారు.

"ఒరేయ్ తమ్ముడూ, నీ కుళాయికి గడ్డం మొలిచిందిరా."

"అక్కా, పని టైములో..."

"నా తోడు. పచ్చగడ్డం. వచ్చి చూడు."

ఆయన ఉలి దించి వచ్చారు. కళ్ళద్దాలు పెట్టుకున్నారు. ముప్ఫై రెండేళ్ళలో మొదటిసారి కుళాయి మూతి కిందకు వంగి పైకి చూశారు. జాలీ చిరిగిన అంచులోంచి నాలుగు తెల్లటి వేళ్ళు కిందికి వేలాడుతున్నాయి. వాటి పక్కనుంచి వంకర తిరిగి, ఒక చిన్న మొలక. రెండు లేత ఆకులు, దండం పెట్టినట్టు.

పానా తీశారు. మూతి తిప్పి అరచేతిలో దులిపారు. ఉబ్బిన ఆవాలు, మొలకలు. మూతి లేని కుళాయిలోంచి నీళ్ళు ధారగా దూకి ముగ్గురినీ తడిపాయి. ఎవరూ కట్టలేదు. ప్రతి బొట్టూ అమూల్యం.

"ఇవి పైపులో రావు" అన్నారు ఆయన మెల్లగా. "ఫిల్టరు దాటి రావు. పంపు దాటి రావు. మీటరు దాటి రావు."

"ఎలకలు తెచ్చి పెట్టుకున్నాయేమోరా" అన్నారు వదినగారు. ఆవిడ నా మొహం చూసేశారు. నా తరఫున ఒక మాట మాట్లాడటం నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇదే మొదలు. ఎలకలు మూతి బిగించవని ఆవిడకూ తెలుసు.

ఆయన పోపుల పెట్టె వైపు చూశారు. తర్వాత నా వైపు.

"ఎప్పుడు?"

"సోమవారం."

"అంతకుముందు ఏముంది ఇందులో?"

"ఇసుక. కొట్టాయన చెబితే కడిగాను. నీళ్ళు బాగా వచ్చాయి."

"వచ్చాయా?"

"వచ్చాయి."

"మరి?"

"మీరు బయట నవ్వుతున్నారు" అన్నాను.

ఆయన కుళాయి కట్టారు. మొలకలు నా అరచేతిలో పోశారు. తల గుడ్డ విప్పి, మడిచి, సుత్తి మీద పెట్టి, హాల్లోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

నోట్లో నువ్వుగింజ నానదంటారు. నా నోట్లో వారం రోజులు నానింది. కుళాయి మాత్రం నాకంటే నిజాయితీ గలది, ఆరో రోజుకే కక్కేసింది.

జూన్ 16, సోమవారం

పొద్దున్నే కుర్చీ. గడ్డం గీసుకోలేదు. టిఫిను ముట్టలేదు.

గిన్నెలు పన్నెండు నిమిషాల్లో అయిపోయాయి. కడిగిన జాలీలోంచి నీళ్ళు కుండపోతగా పడుతున్నాయి. ఇలాంటి కుళాయి కోసం ఆడవాళ్ళు ఎన్ని మొక్కులు మొక్కుతారో. నేను ఆ నీళ్ళకేసి చూస్తూ, మళ్ళీ దారమంత చేసేయి స్వామీ అని వేడుకున్నాను. ఈ ఒక్క వాక్యంలో వెటకారం లేదు.

పదీ ఇరవైకి నీళ్ళు ఆగి వచ్చాయి. "ఆలస్యం" అనలేదు. అదీ పోయింది.

మధ్యాహ్నం భోజనం వడ్డించాక, "ఇదిగో, ఒకసారి ఇలా రా" అన్నారు. వెళ్ళాను. నోటుబుక్కు ఒళ్ళో ఉంది.

"ముప్ఫై రెండేళ్ళు" అన్నారు. "రోజుకు ఒకరనుకో. కుళాయిలో నీళ్ళు రావడం లేదు సార్ అని వచ్చినవాళ్ళు. చంటిపిల్లతో ఒకామె వచ్చింది, నాకిప్పటికీ గుర్తు. మీ మీటరు దాకా ప్రెషరు ఉందమ్మా, దాటాక మా బాధ్యత కాదు అని పంపేశాను. అందులో సగం మందికి ఈ జాలీయే అయ్యుంటుంది. తిప్పి కడుక్కో తల్లీ అని ఒక్క మాట. అంతే. ఆ ఒక్క మాట నాకు తెలీదు."

నేను కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"పటాలు గీసేవాణ్ణి" అన్నారు. "నది దగ్గర మొదలుపెట్టేవాణ్ణి." నోటుబుక్కు మూశారు. "నువ్వు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మళ్ళీ ఈ కుర్చీలో కూర్చుంటారని."

"ఇప్పుడు కూర్చున్నాగా."

"కూర్చున్నారు. అందుకే ఇంకేం పాడుచేద్దామా అని పొద్దుటినుంచి ఇల్లంతా చూస్తున్నాను. స్నానాల గది కుళాయికి మెంతులు సరిపోతాయేమో."

పైకే అన్నాను. ఈ డైరీలో రాసుకునే గొంతుతో, బయటికి. అన్నాక నాకే భయం వేసింది. ముందు గదిలో వదినగారి మంచం కిర్రుమంది. ఆవిడ లేచి కూర్చున్నట్టున్నారు.

ఆయన నన్ను తేరిపార చూశారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇంట్లో ఉన్న మనిషి ఎవరా అన్నట్టు. తర్వాత భుజాలు కదిలాయి. మొదట దగ్గేమో అనుకున్నాను.

"మెంతులా!" అన్నారు. కళ్ళు తుడుచుకుంటున్నారు, నవ్వి నవ్వి. "మెంతులు పెద్దవే, జాలీలో దిగవు."

"ఫోర్‌మన్ గారు చెబితే సరే."

నోటుబుక్కు తెరిచి కలం తీశారు. రాసి, చదివి వినిపించారు. ఆఫీసులో రిపోర్టు చదివే గొంతు.

"ఫిర్యాదు: ఉత్తర మండలంలో నీళ్ళు తక్కువ. కారణం: కుళాయి మూతి. మొదట ఇసుక, తర్వాత ఆవాలు. చర్య: వినియోగదారురాలే బాగుచేసింది. తర్వాత పాడుచేసింది కూడా ఆమే. బాధ్యత..." అని ఆగారు. "బాధ్యత: మీటరు దాటాక కూడా మాదే."

సంతకం పెట్టారు. తేదీ వేశారు. కేసు మూసేశారు. కంచం ముందుకు లాక్కున్నారు.

"కూర చల్లారిపోయింది" అన్నారు.

"మీ కేసు ఆలస్యమైంది మరి" అన్నారు వదినగారు, పిలవకుండానే గుమ్మంలో నిలబడి.

జూన్ 17, మంగళవారం

ఎనిమిదిన్నరకు ఆఫీసుకు వెళ్ళారు. ఇస్త్రీ చొక్కా. చేతిలో నోటుబుక్కు. జేబులో, నేను చూడలేదనుకుని, నా పాత బ్రష్షు ఒకటి.

దేవుణ్ణి గూట్లోకి తెచ్చాను. దీపం పెట్టాను. క్షమాపణ కాస్త పొడుగే అయింది, మిగిలిపోయిన రోజులవి కూడా కలిపి చెప్పుకోవాల్సి వచ్చింది. మొలకలను వదినగారు ఒక మూతలో మట్టి పోసి కిటికీలో పెట్టారు. "దొంగ సాక్ష్యం చెప్పాను, వీటినైనా పెంచాలి" అన్నారు.

గిన్నెలు పన్నెండు నిమిషాలు. తర్వాత ఏం చేయాలో తోచలేదు. వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. బాగానే ఉంటుంది, మెత్తగా. కిటికీలోంచి గాలి. ఎదురుగా గడియారం. ఇన్నాళ్ళు ఆయన ఏం చూశారో నేనూ చూశాను.

పదికి రెండు నిమిషాలు ఉందనగా లేచి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి వదిలాను. వృథానే. ఈ డైరీ పేజీ అడుగున రాసింది నాకు తెలుసు. నిలబడి చూశాను.

గడియారం పది కొట్టడం మొదలుపెట్టింది. నీళ్ళు ఆగిపోయాయి.

సరిగ్గా పదికి.